42 మార్కుల కథ: పర్లాకిమిడి నుంచి స్కాట్లాండ్‌కు ఒక సెమిస్టర్ చదువుకు వెళ్లిన విద్యార్థిని కేసు

ఈ కేసు 2018 వేసవిలో మొదలై 2019 వేసవి వరకు నడిచింది. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక స్వయంప్రతిపత్తి కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించడం నా వృత్తి. విదేశీ విశ్వవిద్యాలయాలతో కుదిరిన విద్యార్థి మార్పిడి ఒప్పందాల కాగితం పని కూడా అప్పట్లో నా బల్ల మీదికే వచ్చేది. ఆ ఏడాది మా బి.ఏ. ఆనర్స్ మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె ఐదో సెమిస్టరును స్కాట్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో చదివి వచ్చింది. తెలివైన పిల్ల, ఇక్కడ నాలుగు సెమిస్టర్లలో ఏ పేపరులోనూ ‘ఏ’ గ్రేడుకు తగ్గలేదు. అక్కడ రాసిన మొదటి వ్యాసానికి ఆమె చేతికి వచ్చిన మార్కు 42. ఆ 42 ఎలా వచ్చింది, అందులో ఆమె పొరపాటు ఎంత, నా పొరపాటు ఎంత, ఆ సెమిస్టరు మార్కులు చివరికి మా రికార్డులో ఏ రూపంలో చేరాయి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమె పేరు, రెండు విద్యాసంస్థల పేర్లు ఇవ్వడం లేదు.

ఆమె తడబాటుకు కారణం ఇంగ్లిషే అని మా కళాశాలలో చాలామంది అనుకున్నారు. ఆమె తల్లిదండ్రులూ అనుకున్నారు, మొదటి నెలలో నేనూ అలాగే అనుకున్నాను. కాగితాలన్నీ ఎదురుగా పెట్టుకుని చూశాక తేలింది వేరు. అక్కడ దేనికి ఎన్ని మార్కులు ఇస్తారో ముందుగానే రాసి విద్యార్థి చేతిలో పెడతారు. మన దగ్గర అది పేపరు సెట్ చేసేవారి మనసులో ఉంటుంది. దాన్ని ఊహించడమే చదువులో సగం. అందుకే మన పిల్లలు ‘ఇంపార్టెంట్లు’ అడుగుతారు, పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తారు, సీనియర్ల చుట్టూ తిరుగుతారు. ఊహించడానికి అలవాటు పడిన ఈ అమ్మాయి, చదివితే తెలిసేదాన్ని చదవలేదు. చదవమని నేనూ చెప్పలేదు.

బయలుదేరక ముందు

వాళ్లది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లిషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి సరిహద్దు ఈ పక్కగా గీసుకున్న నాటి నుంచి ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు ఇలాగే మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. తెలుగు చదవడం, రాయడం ఆమెకు నాయనమ్మ నేర్పింది. తండ్రికి బజారులో చిన్న బట్టల కొట్టు. సంతకాల కోసం బరంపురం వచ్చినప్పుడు ఆయన నాతో అన్న మొదటి మాట, “మాస్టారూ, మన బరంపురంలో పుట్టిన గిరి గారు ఆ రోజుల్లోనే వెళ్లలేదా!” నిజమే, 1894లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అయితే ఆయన వెళ్లింది అక్కడి చదువు పూర్తి చేయడానికి. ఈ అమ్మాయి వెళ్తున్నది సందర్శక విద్యార్థిగా. ఆమెకు అక్కడ పట్టా రాదు. అక్కడ రాసిన పరీక్షల మార్కులు ఇక్కడి పట్టాలో కలవాలి. ఈ తేడా ఆ రోజు తండ్రికి వివరించాను గాని, దాని పర్యవసానాలన్నీ నాకే అప్పటికి పూర్తిగా తెలియవు.

ఒక విషయం మాత్రం ముందే చెప్పవలసింది, చెప్పలేదు. అప్పటి నియమాల ప్రకారం ఆమె వెళ్లింది ఆరు నెలలకు మించని స్వల్పకాలిక చదువుకు ఇచ్చే వీసా మీద. ఇప్పుడు ఆరు నెలల లోపు చదువు మామూలు సందర్శక వీసా పరిధిలోకే వస్తుంది. అప్పుడైనా ఇప్పుడైనా ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. సాయంత్రాలు ఏదో దుకాణంలో పని చేసుకుని గది అద్దె కొంత సర్దుకుంటుందని తండ్రి లెక్క వేసుకున్నారు. మార్పిడి ఒప్పందం వల్ల అక్కడి ఫీజు కట్టే పని లేదు, మా కళాశాల ఫీజు కడితే చాలు. కాని తిండికి, గదికి, ప్రయాణానికి ఒప్పందం ఏమీ ఇవ్వదు. టికెట్టు కొన్న తర్వాత ఈ సంగతి తెలిసి ఆయన అప్పు చేశారు.

క్రెడిట్ అంటే ఎవరి గంట?

ఆమె మూడు మాడ్యూళ్లు, అంటే మన పేపర్ల వంటివి, ఎంచుకుంది: ఆర్థిక చరిత్ర, అభివృద్ధి ఆర్థికశాస్త్రం, గణాంక పద్ధతులు. ఒక్కొక్కటి 20 క్రెడిట్లు, మొత్తం 60. బ్రిటన్‌లో పూర్తికాలపు విద్యార్థి ఏడాదికి 120 క్రెడిట్లు చదువుతాడు కాబట్టి సెమిస్టరుకు 60 నిండు భారం. యూరప్ దేశాల ఉమ్మడి లెక్కలో ఇది 30 క్రెడిట్లు. రెండు బ్రిటిష్ క్రెడిట్లు అక్కడ ఒకటి. స్కాట్లాండ్‌లో ఆనర్స్ పట్టా నాలుగేళ్లది. అందువల్ల మన మూడో ఏడాది విద్యార్థి అక్కడి మూడో ఏడాది మాడ్యూలు తీసుకుంటే సరిసమానంగా కూర్చున్నట్టే కనిపిస్తాడు గాని, పక్కన కూర్చున్నవారు ఆనర్స్ భాగంలోకి అప్పుడే అడుగుపెట్టినవారు, రెండేళ్లుగా వ్యాసాలు రాస్తూ వచ్చినవారు. ఆమె చరిత్ర, అభివృద్ధి మాడ్యూళ్లను మూడో ఏడాది స్థాయిలో, గణాంకాన్ని రెండో ఏడాది స్థాయిలో తీసుకుంది. ఆ ఎంపిక సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

చిక్కు వచ్చింది గంటల దగ్గర. అక్కడ ఒక్కో మాడ్యూలుకు వారానికి రెండు ఉపన్యాసాలు, ఒక ట్యుటోరియల్ (చిన్న బృందంగా కూర్చుని చర్చించే తరగతి). మూడింటికీ కలిపి వారానికి తొమ్మిది గంటలు. మొదటి వారం ఆమె ఫోన్ చేసి, “సార్, ఇక్కడ క్లాసులే లేవు, మంగళవారం మొత్తం ఖాళీ” అంది. ఆ మాటలో కొంత సంతోషం, కొంత భయం వినిపించాయి. మా ఐదో సెమిస్టరులో నాలుగు పేపర్లు, ఒక్కోటి ఆరు క్రెడిట్లు. వారానికి ఒక గంట బోధన ఒక క్రెడిట్ అన్న లెక్కన వారానికి 24 గంటలు తరగతిలో కూర్చోవాలి. మా క్రెడిట్ కొలిచేది ఉపాధ్యాయుడు తరగతిలో గడిపే గంటను. బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి మొత్తం మీద చేసే పది గంటల చదువు. 20 క్రెడిట్ల మాడ్యూలంటే 200 గంటలు. పదకొండు వారాల బోధనలో తరగతి గంటలు 33 మాత్రమే. మిగిలిన 167 గంటలు విద్యార్థి సొంతం. అందులోనే చదువు, నోట్సు, వ్యాసం, పరీక్షకు తయారీ. మూడు మాడ్యూళ్లకు 600 గంటలను పరీక్షలతో కలిపి పదిహేను వారాలకు పంచితే వారానికి 40 గంటలు వస్తాయి. ఆ మంగళవారం ఖాళీ రోజు కాదు.

ఈ లెక్కను నేను ఆమెకు చెప్పింది అక్టోబరు మూడో వారంలో. ఆలస్యమే. మన దేశంలో కూడా 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం తరగతి వెలుపలి చదువును కలుపుకుని క్రెడిట్‌కు 30 గంటలుగా లెక్కిస్తుంది కాబట్టి, ఇప్పటి పిల్లలకు కాగితం మీదైనా ఈ భావం కొత్త కాదు. 2018లో మా స్టాఫ్ రూములోనే చాలామందికి కొత్త.

మొదటి వ్యాసం

ఆర్థిక చరిత్ర మాడ్యూలులో మార్కుల పంపకం ఇది: 1,500 మాటల మొదటి వ్యాసానికి 20 శాతం, 2,500 మాటల రెండో వ్యాసానికి 30, ట్యుటోరియల్‌లో పాల్గొన్నందుకు 10, డిసెంబరు పరీక్షకు 40. మాకు ఆ రోజుల్లో మధ్యంతర పరీక్షకు 20, చివరి పరీక్షకు 80. ఆమె సహజంగానే మొదటి వ్యాసాన్ని మా మధ్యంతర పరీక్షలా చూసింది, అంటే ‘వచ్చేస్తుంది’ అనుకునే చిన్న పరీక్షగా. మాడ్యూలు పుస్తికలో రెండున్నర పేజీల మేర మార్కుల ప్రమాణాలు ఉన్నాయి. 40ల్లో మార్కు రావాలంటే ఏముండాలి, 50ల్లో, 60ల్లో, 70 దాటాలంటే ఏముండాలి అన్నది మాటల్లో రాసి ఉంది. 40ల వరుసలో విషయం తెలుసు అని చూపితే చాలు. 60ల వరుసకు వచ్చేసరికి తెలిసిన విషయాన్ని ప్రశ్నకు జవాబుగా మలచాలి, ఒకరి వాదాన్ని మరొకరి వాదంతో తూచాలి, చివరికి తానేమంటున్నదో చెప్పాలి. ఆమె ఆ పేజీలు చూసింది, కాని అవి అధికారులు నింపే లాంఛనాలనుకుని తిప్పేసింది.

వ్యాసం గడువు అక్టోబరు 12, శుక్రవారం మధ్యాహ్నం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. ఇక్కడివాళ్లకు ఆ రోజు గురించి చెప్పనక్కరలేదు. కరెంటు స్తంభాలు కూలాయి, ఫోన్లు మూగబోయాయి, కొండ దిగువ ఊళ్లలో వరద. అక్కడ అర్ధరాత్రి వార్త చూసిన అమ్మాయి మూడు రోజులు ఇంటికి ఫోన్ కలవక గదిలో కూర్చుంది. నాలుగో రోజు, ఆదివారం ఉదయం, పాతపట్నంలో ఉన్న మేనమామ ద్వారా అందరూ క్షేమమని తెలిసింది. అప్పుడు వ్యాసం పూర్తి చేసి పంపింది. గడువు దాటిన ప్రతి రోజుకూ అయిదు మార్కుల కోత. రెండు రోజులు, పది మార్కులు.

అనుకోని ఆపద వస్తే గడువు పొడిగించమని అడిగే పద్ధతి అదే పుస్తికలో ఉంది. ఫారం ఉంది, ఆధారం ఏమి జతచేయాలో ఉంది, ఎవరికి పంపాలో ఉంది. ఆమె అడగలేదు. ఎందుకు అడగలేదని తర్వాత అడిగితే, “సార్, వెళ్లిన నెలకే జాలి కోసం చేయి చాపినట్టు ఉంటుందనిపించింది” అంది. ఈ వాక్యాన్ని నేను నా నోట్సులో గీత గీసి పెట్టుకున్నాను. మన దగ్గర గడువు సడలింపు అంటే గురువుగారి దయ. అడిగేవాడు తల వంచుకుని నిలబడాలి. అక్కడ అది నిబంధన. నిబంధన కాబట్టి అడగనివారికి రాదు, అడిగినవారిని ఎవరూ చిన్నచూపు చూడరు. నేను ఆమె చేత గడువు దాటిన తర్వాత చేసే దరఖాస్తు పెట్టించాను. తుపాను వార్తల ప్రతులు, తండ్రి రాసిన ఉత్తరం, కళాశాల తరఫున నా ధ్రువపత్రం జతచేశాం. నవంబరు మొదటి వారంలో కమిటీ కోతను రద్దు చేసింది. 42 కాస్తా 52 అయింది.

అయినా 52 ఆమె స్థాయి మార్కు కాదు. అసలు జబ్బు తుపానుతో వచ్చింది కాదు.

పొల్లు పోకుండా

పంపిన వ్యాసాన్ని టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ సరిచూస్తుంది. ఉన్న పుస్తకాలు, పత్రికలు, పాత విద్యార్థుల వ్యాసాలతో ఎంత పోలిక ఉందో శాతంగా చూపుతుంది. ఆమె వ్యాసానికి 31 శాతం వచ్చింది. ఆ అంకె తనంతట తాను తీర్పు కాదు. సరిగ్గా ఉటంకించిన వాక్యాలూ, చివరి గ్రంథసూచీ కూడా అందులో కలుస్తాయి. మనిషి కూర్చుని చదివి తేల్చాలి. మాడ్యూలు నడిపే అధ్యాపకురాలు చదివారు, మూడు పేరాలు ఒక పాఠ్యపుస్తకంలోని వాక్యాలతో దాదాపు అక్షరం అక్షరం సరిపోతున్నాయని చూశారు, ఆమెను మాట్లాడటానికి పిలిచారు.

అమ్మాయి వణికిపోయింది. కాపీ కొట్టలేదని నాకు రాత్రి పన్నెండు గంటలకు మెసేజ్. నేను నమ్మాను, ఎందుకంటే ఆమె పుస్తకం తెరిచి చూసి రాయలేదు. ఆ పుస్తకం మా దగ్గర రెండో సెమిస్టరులో పాఠ్యపుస్తకం, ఆమెకు నోటికి వచ్చు. చిన్నప్పటి నుంచి పద్యమైనా, ఎక్కమైనా, నిర్వచనమైనా పొల్లు పోకుండా అప్పజెబితేనే శభాష్ అనిపించుకున్న పిల్ల. నోటికి వచ్చినదాన్ని తన మాటలుగా మార్చడం ఆ పుస్తకానికి అపచారం చేసినట్టే ఆమె లెక్క. మూలం పేరు రాయకపోవడానికి కారణం కూడా దొంగతనం కాదు, అందరికీ తెలిసినదాన్ని ఎవరిదని రాయాలన్న అమాయకత్వం. మా జవాబు పత్రాల్లో మేము ఏనాడైనా మూలం అడిగామా? లేదు.

అక్కడివారు ఈ వివరణ విన్నారు. దుష్ప్రవర్తన కిందికి తీసుకోకుండా, బలహీనమైన విద్యా పద్ధతిగా నమోదు చేశారు. విద్యా నిజాయితీ మీద ఒక ఆన్‌లైన్ పాఠం పూర్తి చేయమన్నారు. మార్కు విడిగా తగ్గించలేదు. అరువు పేరాల్లో ఆమె సొంత ఆలోచన లేదు కాబట్టి, ఆ లోటు 52లోనే ఉంది. నేను చూసినంతలో సందర్శక విద్యార్థుల విషయంలో ఇదే అతి పెద్ద ప్రమాదం, ఎందుకంటే అక్కడి విద్యార్థులకు ఈ సంగతులు మొదటి ఏడాదిలో, మార్కులు పట్టాకు లెక్కకు రాని అభ్యాస వ్యాసాల మీద నేర్పుతారు. ఒక్క సెమిస్టరుకు వచ్చినవారికి ఆ అభ్యాసకాలమే ఉండదు; దిగిన చోటే లోతు.

నోరు విప్పడం

ట్యుటోరియల్‌లో పన్నెండు మంది. మొదటి నాలుగు వారాలు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాలనుకున్నది మనసులో తెలుగులో కుదురుకుని, ఇంగ్లిషులోకి వచ్చేలోపు చర్చ మరో మలుపు తిరిగిపోయేది. దానికి తోడు, అధ్యాపకులను పేరు పెట్టి పిలవాలి. ఆమెకు అది నోట రాలేదు. ఉత్తరాల్లో ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి’ అన్నట్టే మొదలుపెట్టేది, ఎదురుగా ఉంటే సంబోధన లేకుండానే మాట్లాడేది. అధ్యాపకులు వారానికి రెండు గంటలు గది తలుపు తెరిచి ఉంచి ఎవరైనా రావచ్చంటే, తప్పు చేసినవారిని పిలిచి మందలించే సమయం కాబోలు అనుకుంది.

దారి చూపింది ఒక యువ ట్యూటర్. ట్యుటోరియల్‌కు ముందు రోజు రాత్రి ఒక ప్రశ్న రాసి ఈమెయిల్ చేయమన్నారు, మర్నాడు ఆ ప్రశ్నతోనే చర్చ మొదలుపెడతానన్నారు. చాలా చిన్న ఏర్పాటు. అయిదో వారం నుంచి ఆమె ప్రశ్న బల్ల మీద ఉండేది, దాన్ని సమర్థించుకోవలసిన పని ఆమెదే అయ్యేది. భాగస్వామ్యానికి చివరికి 55 వచ్చింది.

రెండో వ్యాసం

ఇక్కడే కేసు మలుపు తిరిగింది, కాబట్టి కొంచెం నిలుస్తాను. నవంబరు వ్యాసానికి ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి కరువులు తిండి కొరత వల్ల వస్తాయా, తిండి మీద హక్కు కోల్పోవడం వల్ల వస్తాయా అన్నది. హక్కు కోల్పోవడమే కారణమని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో నిలబెట్టిన వాదం అందరూ రాస్తారు. అమ్మాయి కూడా అదే రాసి పంపబోయింది. నేను ఫోన్‌లో ఒకటే అడిగాను: 1866 కరువు నాడు మన గంజాం ఎవరి ఏలుబడిలో ఉండేది?

మద్రాసు ఏలుబడిలో. పక్కనున్న పూరీ, కటక్, బాలాసోర్ బెంగాల్ ఏలుబడిలో. 1865లో వానలు ముందే వెనక్కి తగ్గాయి. మరుసటి ఏడాది ఆకలి ముదిరాక బియ్యం తెప్పించాలని చూస్తే అప్పటికి వర్షాలు వచ్చి ఓడలు తీరానికి చేరలేవు, దారులు నడవలేవు. ఒకే వాతావరణం, ఒకే తీరం, రెండు ప్రభుత్వాలు. సర్ జార్జ్ కాంప్‌బెల్ నాయకత్వంలోని విచారణ సంఘం నివేదిక ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దొరికింది. మనకు ఇక్కడ దొరకని మన కాగితం అక్కడ చేతికందింది. పెద్ద ప్రశ్నను రెండు జిల్లాల పోలికకు తెచ్చి, సేన్ వాదం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ రవాణా అన్న మామూలు కారణమే ఎక్కువ బరువు తూగుతుందో ఆమె వాదించింది. ఈసారి మార్కుల ప్రమాణాల పేజీని గోడకు అంటించుకుని, ప్రతి పేరా రాశాక ఇది 50ల వరుసా 60ల వరుసా అని తనను తాను ప్రశ్నించుకుందట. మాటల పరిమితి దాటకుండా మూడుసార్లు కోసింది. గంటల లెక్క రాసుకుంది: ఈ ఒక్క వ్యాసానికి 58 గంటలు.

66 వచ్చింది. ఇంగ్లిషు మొదటి వ్యాసంలో ఉన్నదే. నాకు పంపిన రెండు ప్రతుల్లోనూ ఆర్టికిళ్ల తప్పులు ఇంచుమించు సమానం.

పరీక్ష హాలు

డిసెంబరులో పరీక్షలు. ఇంగ్లండులోని చాలా విశ్వవిద్యాలయాల్లో మొదటి సెమిస్టరు పరీక్షలు జనవరిలో ఉంటాయి కనుక, డిసెంబరులో వెళ్లిపోయే సందర్శక విద్యార్థులకు బదులు వ్యాసం వంటి మరో మూల్యాంకనం ఏర్పాటు చేస్తారా అన్నది ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మాకు ఆ బెడద లేకపోయింది.

జవాబు పత్రం మీద పేరు ఉండదు, సంఖ్య మాత్రమే. దిద్దేవారికి ఎవరిదో తెలియకూడదు. ఆమె అలవాటుగా పైన చిన్నగా ‘శ్రీ’ అని తెలుగులో రాసి, బయటికి వచ్చాక దాన్నిబట్టి తనను గుర్తుపడతారేమోనని రెండు రోజులు దిగులుపడింది. ఏమీ కాలేదు. అయింది మరొకటి. అభివృద్ధి ఆర్థికశాస్త్రం పేపరులో ఆరు ప్రశ్నల్లో రెండింటికి జవాబు రాయాలి, రెండు గంటలు. ఆమె మూడు రాసింది. మన దగ్గర తెలిసినవన్నీ రాసి వస్తే మంచివి చూసుకుంటారన్న నమ్మకం ఉంది. అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అంత బాగా రాసినట్టు. అక్కడి నియమం వరుసలో మొదటి రెండే దిద్దాలని. బాగా రాసిన మూడోది ఎవరూ చదవలేదు. దిద్దిన రెండూ 60 నిమిషాల చోట 40 నిమిషాల్లో రాసినవి. పరీక్షకు 54. అంతకుముందు బృందంగా ఇచ్చిన ప్రజెంటేషన్‌కు వచ్చిన 66ను నాలుగో వంతు బరువుతో కలిపితే మాడ్యూలుకు 57. ఈ నియమం ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే ఉంది.

ఆర్థిక చరిత్ర 59కి తేలింది. గణాంకంలో 74, లెక్కలు చేసే పేపరులో మన పిల్లలకు ఎక్కడైనా ఇబ్బంది లేదు, దాని గురించి రాయడానికీ ఏమీ లేదు.

ఇక్కడి లెక్కలోకి

డిసెంబరులో ఆమె చెప్పిన మార్కులు తాత్కాలికం. అక్కడ ఒకరు దిద్దిన పత్రాల్లో కొన్నింటిని మరొకరు సరిచూస్తారు, బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే పరీక్షకుడు ప్రమాణాన్ని చూస్తారు, తర్వాత బోర్డు కూర్చుని ఖరారు చేస్తుంది. ఖరారైన మార్కుల పత్రం మాకు ఫిబ్రవరిలో వచ్చింది. మా ఆరో సెమిస్టరు రిజిస్ట్రేషన్ జనవరిలో. ఆ నెల రోజులూ ఆమె పేరు పక్కన ‘ఫలితం రాలేదు’ అని ఉంచడానికి కూడా మా పరీక్షల విభాగం దగ్గర పద్ధతి లేదు. ఒక చీటీ మీద రాసి ఫైలుకు గుచ్చారు.

అకడమిక్ కౌన్సిల్‌లో మొదటి అభ్యంతరం, వారానికి తొమ్మిది గంటల చదువు మా 24 గంటల చదువుకు ఎలా సమానమని. 600 గంటల లెక్క బోర్డు మీద వేసి చూపాను. రెండోది మార్కులు. 59ని మా పట్టికలో పెడితే ‘బి’, 57 కూడా ‘బి’, 74 ‘ఏ’. అంకెలు ఒకటే కాబట్టి కొలత ఒకటే అనుకోవడం తప్పని చెప్పడానికి రెండు సమావేశాలు పట్టింది. బ్రిటన్‌లో 40 ఉత్తీర్ణత, 70 దాటితే ప్రథమ శ్రేణి. వ్యాసాల మాడ్యూళ్లలో 80 దాటడం అరుదు. మాకు 90 దాటితేనే అన్నిటికన్నా పై గ్రేడు ‘ఓ’. యూరప్‌లో ఈ సమస్యకు ఒకప్పుడు ఉత్తీర్ణులను మొదటి 10 శాతం, తర్వాతి 25, 30, 25, చివరి 10 అని వరుసలుగా విభజించేవారు. అక్కడి క్రెడిట్ల లెక్కకు 2015లో వచ్చిన మార్గదర్శిని ప్రతి సంస్థ తన గ్రేడ్ల పంపిణీ పట్టిక ఇవ్వాలని, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి మార్చుకోవాలని చెబుతుంది. స్కాట్లాండ్ వారిని అడిగిన వెంటనే తమ పట్టిక పంపారు. పక్కన పెట్టడానికి మా దగ్గర పట్టిక లేదు. నేనే మూడేళ్ల మార్కుల రిజిస్టర్లు ముందేసుకుని ఒకటి తయారు చేశాను.

నా ప్రతిపాదన 70కి పైన ‘ఓ’, 60లకు ‘ఏ ప్లస్’, 50లకు ‘ఏ’. బయట సంపాదించిన మార్కుకు ‘ఓ’ ఇవ్వడమేమిటని కౌన్సిల్ ఒక మెట్టు దించింది. ఆమెకు చివరికి వచ్చినవి ‘ఏ ప్లస్’, ‘బి ప్లస్’, ‘బి ప్లస్’. న్యాయానికి ఒక మెట్టు తక్కువ అనే నా అభిప్రాయం.

మూడో చిక్కు నేను జూన్‌లోనే చూడవలసింది. అక్కడ మూడు మాడ్యూళ్లు, ఇక్కడ నాలుగు పేపర్లు. ఆర్థిక చరిత్ర, గణాంకం మా ఐచ్ఛిక పేపర్లు రెండింటికీ, అభివృద్ధి ఆర్థికశాస్త్రం ఒక కోర్ (తప్పనిసరి) పేపరుకూ సరిపోయాయి. మిగిలింది ‘భారత ఆర్థిక వ్యవస్థ’. దాన్ని స్కాట్లాండ్‌లో ఎవరు చెబుతారు? బయలుదేరే ముందే, ఏ మాడ్యూలు ఏ పేపరుకు బదులో రెండు వైపులా సంతకాలు చేసుకునే ఒప్పంద పత్రం ఉంటుంది. అందులో ఈ నాలుగో గడిని నేను ఖాళీగా వదిలాను, వచ్చాక చూసుకోవచ్చనుకున్నాను. వచ్చాక చూస్తే, దాన్ని ఏప్రిల్‌లో బ్యాక్ పేపరుగా రాయడం తప్ప దారి లేదు. ఫెయిల్ అయినవారికి వాడే కోడే ఆమెకూ పడింది. మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో వేరే కోడ్ లేదన్నారు.

ఆ తర్వాత పంపిన ప్రతి విద్యార్థితోనూ వెళ్లే ముందు రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక మాడ్యూలు పుస్తికను వాక్యం వాక్యం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవారితో తెలుగులో, ఒడియా మాట్లాడేవారితో ఒడియాలో. తర్వాత ఎనిమిది వందల మాటల వ్యాసం రాయించి, వారు వెళ్లబోయే చోటి ప్రమాణాలతోనే దిద్దుతున్నాను. ఒప్పంద పత్రంలో ఖాళీ గడి ఉంటే సంతకం చేయడం లేదు.

ఏప్రిల్‌లో ఆమె ‘భారత ఆర్థిక వ్యవస్థ’ రాసింది. అడిషనల్ షీట్ ఒక్కటీ తీసుకోలేదు. అడిగినన్ని ప్రశ్నలకే, ప్రశ్న దేని గురించి అడిగిందో దాని గురించే, ఎక్కడ ఎవరి వాదమో పేరు చెప్పి, తన అభిప్రాయం చివర పెట్టి రాసిందని ఆమె చెప్పింది. ఆ పత్రం నా దగ్గరికి రాలేదు, మరొకరు దిద్దారు. 58 వచ్చింది. మా కళాశాలలో ఆమెకు వచ్చిన అతి తక్కువ మార్కు అదే. పునర్మూల్యాంకనానికి దరఖాస్తు పెట్టమని చెప్పాను, ఫీజు నేనే కడతానన్నాను. “వద్దు సార్, వాళ్ల ప్రమాణాలు ఎక్కడా రాసి లేవు కదా, ఏమని అడుగుతాం” అంది.